సారెలో వచ్చిన కనకాంబరాలు

కంకిపాడులో మా ఇంటికి (‘మా ఇల్లు’ అని రాసినప్పుడల్లా ఇంకా నవ్వొస్తుంది) గేటు నుంచి మెట్లదాకా ప్రహరీ వెంబడి కాస్త ఖాళీ చోటుంది. మాఘంలో పెళ్ళయి వచ్చిన వారానికే అక్కడ పూలమడి వేసుకుంటానని మా అత్తగారు రామతులసిగారిని అడిగాను.

“వేసుకోవే, నీ ఇల్లేగా!” అన్నారు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఎండకి నల్లరేగడి రాయిలా బిగిసిపోయింది. ముందురోజు నీళ్ళు పెట్టి నానబెట్టి, మర్నాడు పొద్దున్నే నేనూ మా ఆయన హర్షవర్ధన్ తవ్వేవాళ్ళం. పెళ్ళి గోరింటాకు ఇంకా వెలవని చేతులతో నేను గునపం పడితే ఆయనకి ఒకటే నవ్వు. ఇసుక, చివికిన పశువుల ఎరువు, వేపపిండి కలిపాం. అంచు వెంబడి ఇటుకలు ఏటవాలుగా పాతాం, రంపం పళ్ళలాగా. చివరికి ఆ మట్టిని పిడికిట పట్టి వదిలితే పొడిపొడిగా రాలింది. బీటెక్ పట్టా చేతికొచ్చినప్పుడు కూడా నేనంత పొంగిపోలేదు.

మొక్కలు మాత్రం ఉయ్యూరు నుంచి రావాలి. మా నాన్న లక్ష్మీకాంత్‌గారు డాబా మీద పేపరు కప్పుల్లో కనకాంబరం నారు పెంచుతున్నారు. అది ఎదిగేదాకా సారె పంపడం కూడా ఆపారు. ఉగాదికి తను వచ్చేసరికి మడి నిండుగా కనిపించాలని ఆయన ముచ్చట. నాకైతే అది తప్ప వేరే ధ్యాస లేదు. అత్తగారిని ఆశ్చర్యపరచాలని మొక్కల సంగతి ఆవిడకి చెప్పలేదు.

బాబాయి ఆటోలో సారె తెచ్చి దింపిన రోజు మేమిద్దరం విజయవాడలో ఆఫీసుల్లో ఉన్నాం. సాయంత్రం గేటు తీసేసరికి అత్తగారు వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని వెలిగిపోతున్నారు.

“మీవాళ్ళ సారె భలే ఉందే ఉషా! వీధంతా పంచేశాను. తలా రెండు అరిసెలు, ఒక లడ్డూ, ఒక మొక్క.”

“మొక్కలా?”

“ఈమధ్య పెళ్ళిళ్ళలో తాంబూలంతో మొక్కలిస్తున్నారుగా. మీ నాన్నగారిది ఎంత మంచి ఆలోచనో అనుకున్నా. ఎదురింటి సింధూరైతే రెండు పట్టుకుపోయింది!”

నేను మడి వంక చూశాను. మా ఆయన నవ్వాపుకోలేకపోయారు. “అమ్మా, అవి ఆ మడిలోకే!”

అత్తగారి మొహం వాడిపోయింది. “అయ్యో, ఓ మాట చెప్పొద్దుటే పిల్లా!”

“నేను వెళ్ళి తెచ్చేస్తాలే” అన్నారు మా ఆయన.

“సారె వెనక్కి అడుగుతార్రా ఎక్కడన్నా? నలుగురూ నవ్విపోరూ!”

“పోనీలెండత్తయ్యా, నర్సరీలో కొనుక్కుందాం” అన్నాను, మళ్ళీ మడి వంక చూడకుండా.

మర్నాడు లేచేసరికి అత్తగారు ఇంట్లో లేరు. బయటికి వస్తే, పక్కింటి దానమ్మగారి గొంతు వీధంతా వినిపిస్తోంది.

“ఏం రామతులసీ, నిన్న సారె పెట్టి ఇవాళ వసూలుకొచ్చావా?”

“వసూలుకే! మా కోడలు మడి చేసింది. అట్టాంటి మట్టి ఈ వీధిలో ఎవరింట్లో ఉందో చూపించు. నాలుగు బిళ్ళగన్నేరు మొక్కలు నువ్విస్తావా, నన్నే పీక్కోమంటావా?”

మా ఆయన నోరు తెరిచి నా వంక చూశారు. “మా అమ్మ కరివేపాకు రెబ్బ కూడా ఎవర్నీ అడగదు, తెలుసా?”

ఆవిడ కొంగు నిండా పట్టుకొచ్చారు. బిళ్ళగన్నేరు, గడ్డిగులాబీ, లిల్లీ దుంపలు, ఒక నందివర్ధనం అంటు. ముగ్గురం కలిసి నాటాం. గోడవైపు నందివర్ధనం, దాని ముందు లిల్లీలు, బిళ్ళగన్నేరు, ఇటుకల అంచున గడ్డిగులాబీ. ఎండ తగలకుండా అత్తగారు వాటి మీద పాత చీర కట్టారు.

ఉగాది రోజు నాన్న గేట్లోనే ఆగిపోయారు. గడ్డిగులాబీలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా వెతికారు.

“బాగుందమ్మడూ. మరి నా కనకాంబరాలేవీ?”

అత్తగారు తలుపు చాటుకి తప్పుకున్నారు. నేను నాన్న చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకెళ్ళాను. దానమ్మగారి మెట్టు పక్కన ఒకటి, సింధూరి కుండీలో రెండు, ఆ పైన గేటు గేటుకీ ఒకటి. నాన్న ప్రతిచోటా వంగి, ఆకు తిప్పి చూసి, “ఇదీ మనదే” అనుకుంటూ నడిచారు.

అత్తగారు వెనకే వచ్చారు. “ఒక్కటి కూడా చావలేదు అన్నయ్యగారూ! రోజూ నేనే వెళ్ళి, నీళ్ళు పోశారా లేదా అని అడిగొస్తున్నా.”

వీధంతా తన తోటే అన్నట్టు నాన్న చొక్కా కాలరు సర్దుకున్నారు. నేనూ అలాగే కొంగు సర్దుకున్నాను.