సోంబరు ఇంటి ర్యాంపు

మండలాఫీసు వరండాలో సోంబరును డోలీలో ఉంచే మాట్లాడించారు. దింపమని ఎవరూ అనలేదు. కాఫీ తోటలో మిరియాలు కోస్తూ చెట్టు మీంచి పడ్డాక అతనికి నడుము కింద చచ్చుబడిపోయింది. వికలాంగుల ఇళ్లు బాగుచేసుకోవడానికి ప్రభుత్వం సాయమిస్తుందని విని, గుమ్మం ముందు ర్యాంపు, పక్కనే మరుగుదొడ్డి కావాలని దరఖాస్తు పెట్టాడు. రాసింది నేనే. నా మొగుడు పోయాక, తల నెరిశాక నేర్చుకున్న అక్షరాలవి.

అధికారి చదివి నవ్వాడు. "మీ ఊరికే రోడ్డు లేదు, ఇంటికి ర్యాంపా? దిగి ఎక్కడికెళ్తాడమ్మా?"

"దొడ్డికెల్తాడు బాబూ," అంది సోంబరు భార్య గంగ. "నేను పోడుకెల్తే సాయంత్రందాకా తడిసిన పక్కలోనే ఉంతన్నాడు."

"రోడ్డు పడ్డాక రండి."

"రోడ్డడిగితే ఊల్లో ఇల్లు తక్కువన్నారు. ఇంటికి ర్యాంపడిగితే రోడ్డు లేదంతన్నారు," అన్నాడు సోంబరు డోలీలోంచి. "ఆకాసంలో కట్టీమంతారేటి సారూ?"

మోసుకొచ్చినవాళ్లు నవ్వారు. అధికారి నవ్వలేదు.

మాఘమాసంలో ఒక సాయంత్రం గంగ పొలం నుంచి వచ్చేసరికి సోంబరు రాతిమెట్ల కింద పడి ఉన్నాడు. తల పగిలింది. చేతుల మీద పాక్కుంటూ తనే దొడ్డికి బయల్దేరాడు. లోపల పక్క పొడిగా ఉంది.

ఊరంతా కూర్చున్నాం.

"సచ్చినోడు తిరిగొత్తాడేటి? ఆఫీసోల్లతో తగువెందుకు?" అన్నాడు బుధు.

"మీ అమ్మ రత్నాలుకి కళ్లు లేవు. రేపు ఆవిడెలా దిగుతాది?" అంది గంగ.



చైత్రంలో మా కొండల్లో చేసుకునే వేట పండగ, ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్లు వేటకెళ్తే, ఆడవాళ్లం కొండ కింది రోడ్డుకు అడ్డంగా వెదురు పట్టుకుని పాడతాం. బండివాళ్లు కానుకిస్తే వెదురు ఎత్తుతాం. ఆ సంగతి ఈ దారిన వెళ్లే అందరికీ తెలుసు. అధికారి జీపు ఆగింది. నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టాడు.

"డబ్బులొద్దు. దిగండి బాబూ," అంది గంగ.

పాట ఆగిపోయింది. అందరం చుట్టూ నడుస్తూ ఆయన్ని కొండెక్కించాం. రొప్పుతూ వచ్చి సోంబరు గుమ్మంలో నిలబడ్డాడు.

"కూకోండి," అంది గంగ. "కాళ్లు కదపకుండా దిగండి."

ఆయన మెట్లకేసి చూశాడు. కదల్లేదు.

"దిగలేరు కదా. నా మొగుడు దిగాడు."

మేం కిందికి వచ్చేసరికి జీపు డ్రైవరు పిలిచిన పోలీసులు రోడ్డు మీద ఉన్నారు. "ఎవరాపమన్నారు?" అని అరిచారు. "నేనే," అంది గంగ. "నేనూ," అన్నాను. "నేనూ, నేనూ" అన్నారు అందరూ. అయినా గంగనొక్కదాన్నే వ్యాను ఎక్కించారు.

వేటకు వెళ్లని బుధు, తల్లిని వీపున మోసుకొచ్చి వ్యాను ముందు కూర్చోబెట్టాడు. రోడ్డుకు అడ్డంగా మళ్లీ వెదురు పట్టుకుని మేం ఆమె చుట్టూ కూర్చున్నాం. వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. రత్నాలు ఆ చప్పుడు వైపు ముఖం తిప్పింది.

"పాటెందుకాపీసినారే గుంటల్లారా? పాడండి."

పాడాం. వెదురు ఎవరూ ఎత్తలేదు.