తెర మీద ఎర్ర అక్షరాలు

లక్ష్మీకాంత్ కీబోర్డును బోర్లించి అరచేత్తో తట్టాడు. బియ్యపు నూకలు, విరిగిన అగ్గిపుల్ల, తెల్లని పత్తి నూగు బల్ల మీద రాలాయి. కేసముద్రంలో ఏ కంప్యూటర్ విప్పినా పత్తి నూగు ఉండాల్సిందే. మార్కెట్ యార్డు మీదుగా వచ్చే గాలి అది. పాత టూత్‌బ్రష్షుతో మీటల సందులు తుడుస్తుండగా ఫోన్ మోగింది.

"అన్నా, జైసింగ్ ఇంటామెను, కళావతిని. కంప్యూటర్ల ఏం కొట్టినా వస్తలేదు. జాకెట్ల మోడళ్లు చూసుకోవాలె. జర వస్తవా?"

లక్ష్మీకాంత్‌కు యాభై ఒక్కేళ్లు. ఒకప్పుడు టైపు నేర్పేవాడు. టైపు మిషన్లు మూలకు పడ్డాక పెండ్లి పత్రికలు కంపోజ్ చేశాడు. ఆ పనీ పోయాక ఈ రిపేర్లు. స్క్రూడ్రైవర్ జారి చీలిన బొటనవేలి గోరు చీలికతోనే పెరిగింది. ఇళ్లలోకి వెళ్లి పని చేసే మనిషి గనుక తలవంచుకొని వెళ్లి తలవంచుకొని వస్తాడు. మర్యాదస్తుడని ఊళ్లో పేరు. ఆ పేరంటే అతనికి చాలా ఇష్టం.

జైసింగ్ ఇల్లు రైలు గేటు అవతల. పట్టాల మరమ్మతు పనివాడు. పొద్దున్నే డ్యూటీకి పోయాడు. గుమ్మం దగ్గర కుట్టుమిషన్, లోపలి గోడవారగా కంప్యూటర్. కళావతి చెంబుతో నీళ్లిచ్చి మిషన్ ముందు కూర్చుంది. మనిషి బాగా చిక్కిపోయింది. కాలు తొక్కుడు మీద పెట్టింది గాని మిషన్ చప్పుడు వినిపించలేదు.

అతను సెట్టింగులు తెరిచాడు. వెతుకులాట మీద తాళం బొమ్మ ఉంది. తీయబోతే తీయనివ్వలేదు. "దీన్ని మీ సంస్థ నిర్వహిస్తోంది" అని వచ్చింది.

"మీ ఇంట్ల సంస్థ ఎక్కడిది చెల్లె?" అని నవ్వాడు. నవ్వుతుండగానే గుర్తొచ్చింది.

ఆ తాళం వేసింది తనే. రెండేళ్ల కింద, జైసింగ్ కూతురు పూజ ఇంటర్ చదివేటప్పుడు, అతను ఈ కంప్యూటర్‌ను దుకాణానికి మోసుకొచ్చాడు. "బిడ్డ ఎదిగిందన్నా. పాడు బొమ్మలు రావద్దు. గట్టి బందోబస్తు చెయ్యి" అన్నాడు. లక్ష్మీకాంత్ అడ్డుకునే ప్రోగ్రాం ఒకటి ఎక్కించి, రాకూడని మాటలన్నీ తన వేళ్లతోనే కొట్టాడు. ఒంటి మీది ఏ భాగాన్నీ వదల్లేదు. ఆ మాటలు వెతికినవాళ్లకు ఏం చూపించాలో రాయడానికి చివర్లో ఒక గడి ఉంది. కాసేపు ఆలోచించి, ఎర్ర రంగులో, పెద్ద అక్షరాల్లో రాశాడు: "సిగ్గు లేదా? ఇది మంచి ఇల్లు." ఇద్దరూ పడీ పడీ నవ్వారు. తర్వాత పూజ పెద్ద ఫోను తీసుకొని హన్మకొండ హాస్టల్‌కు వెళ్లిపోయింది. తాళం మాత్రం ఉండిపోయింది.

పాస్‌వర్డ్ గుర్తు లేదు. దుకాణం పేరు కొట్టాడు, తన ఫోన్ నంబరు కొట్టాడు. ఏదీ కాదు. దారి మార్చి ఆ ప్రోగ్రాం ఫోల్డరు తెరిస్తే, అది అడ్డుకున్న మాటల జాబితా తేదీలతో సహా బయటపడింది.

రొమ్ముల గడ్డ. రొమ్ముల గడ్డ, నొప్పి లేదు. ఆడోళ్లకు రొమ్ముల గడ్డ ఎందుకయితది. గడ్డ పెద్దగయితే ఏ దవాఖాన.

జూన్‌లో మొదలైంది. ఇది అక్టోబరు. మొత్తం నలభై ఒకటి.

జాకెట్ల మోడళ్ల కోసం ఒక్కటంటే ఒక్కటి లేదు.

అతను తల తిప్పాడు. కళావతి గుమ్మం వైపు చూస్తోంది. కొంగు భుజం చుట్టూ లాక్కొని, ఎడమ చేయి పక్కకు అదుముకొని ఉంది. ఏడో తరగతి చదివిన మనిషి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి ఉంటుంది. కొట్టిన ప్రతిసారీ సిగ్గు లేదా అని తను అడిగాడు. నలభై ఒక్కసార్లు అడిగాడు.

దవాఖానకు పో చెల్లె, రేపే పో. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇంట్లో ఒంటరిగా ఉన్న పరాయి ఆడమనిషితో ఆ సంగతి ఎలా ఎత్తడం? ఎత్తితే ఆ అక్షరాలు ఎవరు రాశారో కూడా చెప్పాలి. ప్రోగ్రాంను తీసేసి, జాబితాను చెరిపేసి లేచాడు.

"అయింది చెల్లె. ఇగ ఏది కొట్టినా వస్తది."

"ఆ ఎర్ర అక్షరాలు?"

"రావు."

ఆమె నేల చూసింది. "మనం ఏం కొట్టినమో మా ఇంటాయనకు కనవడదు గదా అన్నా? సర్కారోళ్లకు?"

"ఎవ్వలకూ కనవడదు."

కళావతి బరువుగా ఊపిరి వదిలింది. అతను కూలి మాట ఎత్తకుండా చెప్పులేసుకొని బయటపడ్డాడు. ఆ రోజు నుంచి గేటు అవతల పనులుంటే వేరేవాళ్లను పంపాడు. బాగానే ఉండి ఉంటుందిలే అని తనకు తాను చెప్పుకున్నాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం జైసింగ్ కంప్యూటర్‌ను ఆటోలో తెచ్చి బల్ల మీద దించాడు.

"కళావతి పోయిందన్నా. పదమూడు దినాలాయె."

లక్ష్మీకాంత్ చేతిలోని బ్రష్షును బల్ల మీద పెట్టాడు.

"నువ్వు బాగుచేసి పోయినంక రెండు దినాలు గదే చదివింది. మూడో దినం నాకు చెప్పింది. వరంగల్ తీస్కపోయినం. నాలుగు నెల్లు ముందు తేవాలె గదా అన్నడు డాక్టరు. ఎందుకు చెప్పలేదే అంటే, సిగ్గయిందన్నది." జైసింగ్ ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు రాకుంటే గా మాత్రం గూడ తెల్వకపోవు. నీ మేలు మర్వనన్నా."

ఆ మెచ్చుకోలు విని ఊరుకుంటే సరిపోయేది. మర్యాదస్తుడి పేరు మర్యాదస్తుడికి ఉండేది.

"జైసింగ్, ఆమె గడ్డ అని కొట్టినప్పుడల్లా సిగ్గు లేదా అని వచ్చింది. అది నేను రాసిందే. గా దినం మీ ఇంట్ల అంతా చూసిన. చూసి గూడ, దవాఖానకు పో అని ఒక్క మాట అనలే. సిగ్గుపడి వచ్చిన."

జైసింగ్ కంప్యూటర్ మీద చేయి వేశాడు.

"పెట్టమన్నది నేనే గదా," అన్నాడు. "నువ్వు రాస్తుంటే నవ్విన గూడ."

తిట్టలేదు. చేయి చేసుకున్నా బాగుండుననిపించింది లక్ష్మీకాంత్‌కు. "పూజకు కావాల్నట. జర సాపు చేసి పెట్టు" అని చెప్పి, తెప్పించిన చాయ్ ముట్టకుండానే ఎండలోకి వెళ్లిపోయాడు.

కంప్యూటర్ మీద గుడ్డ తొడుగు ఉంది. జాకెట్లకు మిగిలిన లైనింగు ముక్కలు, పచ్చవి, ఎర్రవి, నీలివి, అంచుకు అంచు కలిపి కుట్టినది. మూడు వైపులా మడత కుట్టడం అయిపోయింది. నాలుగో వైపు సగం దాకా వచ్చి ఆగింది. అక్కడ బట్టలోనే గుచ్చి వదిలిన సూది, దానికి జానెడు నీలి దారం.