చెప్పులు బయటే విడవాలి

ఇమ్మానుయేలు పొడిగుడ్డ దులిపి, పదకొండో కంప్యూటరు తుడిచాడు. ఆళ్లగడ్డ నుంచి తొలి బస్సుకు నంద్యాల చేరి ఈ కంప్యూటరు శిక్షణ సంస్థ అద్దాల గది ఊడవడం అతనికి ఆరేళ్ల అలవాటు. లోపలికి దుమ్ము రాకూడదని ఎవరైనా చెప్పులు బయటే విడవాలి. పిల్లల చెప్పుల వరస చివర, పిన్నీసు గుచ్చిన అతని నీలం హవాయి జత. ఫినాయిలుకు పగిలిన వేళ్లతోనే, పిల్లలు పారేసిన నోట్సు చూసి, అందరూ వెళ్లాక వెబ్ పేజీలు చేయడం నేర్చాడు. ఈ సంస్థ పేజీ కూడా అతను చేసిందే.

2003 జూలై. ఆ రోజు వాన. కర్నూలు కంపెనీ ఆయన వెబ్ పేజీలు చేసే ఉద్యోగానికి ఒక మనిషిని ఎంచుకోవడానికి వచ్చాడు. అక్కడ చదివే అభిషేక్ మూడు సర్టిఫికెట్లు బల్లమీద పరిచాడు. పేజీ చేసి చూపమంటే మాత్రం మౌసు పట్టుకుని చెమటలు కక్కాడు.

"మరి సంస్థ పేజీ చేసిందెవరప్పా?" అన్నాడు కర్నూలు ఆయన.

టీ గ్లాసులు పట్టుకున్న ఇమ్మానుయేలు, "నేనే సార్" అన్నాడు.

గది గొల్లుమంది. "చీపురుతో చేసినావా అన్నా?" అన్నాడు అభిషేక్.

ఇమ్మానుయేలు గ్లాసులు దించి, నిలబడే ఒక పేజీ చేసి చూపించాడు. కర్నూలు ఆయన తెర మీదికి వంగి చూశాడు.

"పని బాగుంది. సర్టిఫికెట్టు యాడుంది?"

"లేదు సార్. ఊడుస్తా ఊడుస్తా నేర్చుకుంటి."

"కాగితం లేకుంటే మా పైవాళ్లు ఒప్పరు. సాయంత్రం లోపల తెచ్చుకో, ఉద్యోగం నీదే."

ఇమ్మానుయేలు డైరెక్టరు మహేశ్వర్ వైపు చూశాడు. ఆ సర్టిఫికెట్టే ఆయన్ను మూడేళ్లుగా అడుగుతున్నాడు. "ఊడ్చేటోనికిస్తే సదివేటోళ్లకు విలువేముంటాది?" అన్నదే ప్రతిసారీ జవాబు.

అంతలో కరెంటు పోయింది.

"ఈపొద్దు ఇస్తాలేప్పా. ముందు జనరేటరెయ్యి పో, బిరీన!" అన్నాడు మహేశ్వర్.

ఇస్తాలే అన్న మాటకే ప్రాణం లేచొచ్చి, వెనక తలుపు గుండా వట్టికాళ్లతో పరుగెత్తాడు. జనరేటరున్న రేకుల కొట్టంలో మడమల దాకా వాననీళ్లు. జనరేటరు మోగింది. లోపల తెరలన్నీ వెలిగాయి. టీలు చల్లారినా అతను రాలేదు. వెళ్లి చూస్తే, చెయ్యి స్విచ్చుకే అతుక్కుని ఉంది.

సాయంత్రం అతని భార్య చెన్నమ్మ వచ్చేసరికి పోలీసు కాగితంలో చనిపోయింది 'విద్యార్థి' అని రాసేశారు. పనివాడంటే సంస్థ పరిహారం కట్టుకోవాలి. మహేశ్వర్ ఆమె చేతిలో బంగారు ముద్ర సర్టిఫికెట్టు పెట్టాడు. దానిమీద నెల కిందటి తేదీ.

"ఈడ సదువుకుంటాండె గదమ్మా. ఇదో, సాక్ష్యం."

చదవడం రాని చెన్నమ్మ దాన్ని కళ్లకద్దుకుంది. "ఇస్తివా నాయనా! దీనికోసరమే మూడేండ్లు కలవరించె" అంది.

కర్నూలు ఆయన అభిషేక్‌ను తీసుకుని వెళ్లిపోయాడు. ఆరింటికి పిల్లలు ఒక్కొక్కరే చెప్పులు తొడుక్కుని పోయారు. ఖాళీ గడప ముందు, పిన్నీసు గుచ్చిన నీలం జత ఒక్కటే వానకు తడుస్తూ ఉంది.