సింహాలమ్మ టీ, నా హాజరుపట్టీ

నేను ఒక ట్యాబ్‌ని. ఉన్నది అరచేయంతే అయినా, బడాయికి మాత్రం ఏనాడూ లోటు లేదు. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో, ఉద్యోగంలో చేరింది బొబ్బిలి దగ్గర ఒక సూక్ష్మరుణ సంస్థ బ్రాంచిలో. ఎవరు మీటింగుకు వచ్చారు, ఎవరు కిస్తీ కట్టారు, ఎవరికి మళ్లీ అప్పు ఇవ్వచ్చు అన్నీ చెప్పే వ్యవస్థను నాలోకి ఎక్కించారు. అంతవరకు ఆ పని చేసిన లావుపాటి రిజిస్టర్లు బీరువా ఎక్కాయి. నిజం చెప్పొద్దూ, కాస్త మిడిసిపడ్డాను.

నన్ను ఫీల్డు ఆఫీసరు దాలినాయుడి చేతికిచ్చారు. మంచివాడే కానీ ఎప్పుడూ కాళ్లకు చక్రాలే. పదిగంటల్లోపు మూడు ఊళ్లు చుట్టాలి. మంగళవారం మొదటి మజిలీ, అప్పు తీసుకున్న ఆడవాళ్ల గుంపులో ఒకరైన సింహాలమ్మ వరండా. గుంపువాళ్లు ఒక్కొక్కరూ నా పక్కనుండే చిన్న పెట్టెమీద వేలు పెట్టేవారు. నేను 'హాజరు' అని రాసుకునేదాన్ని. వేళ్లు పెట్టడం అయిపోగానే అల్లం దంచి పెట్టిన టీ వచ్చేది. నాయుడు రెండు గ్లాసులు తాగితేగానీ కదిలేవాడు కాదు.

ఏడాది తిరిగేసరికి సింహాలమ్మ రెండో అప్పు అడిగింది. పార్వతీపురం రోడ్డులో ఒక హోటలు మూసేస్తూ పెద్ద గ్రైండరు అమ్ముతున్నారు. శుక్రవారం దాకా ఆగుతామన్నారు. అది చేతికొస్తే ఇక కూలికెళ్లక్కర్లేదు, ఇంటి దగ్గరే దోసెలపిండి అమ్ముకోవచ్చు. ఆ ఆశతో రెండు రాత్రులు నిద్ర పట్టలేదట.

నాయుడు ఆమె పేరు నొక్కాడు. నేను ఎర్రగా వెలిగాను: 'అర్హత లేదు. యాభై వారాల్లో నలభై ఆరు వారాలు గైర్హాజరు.'

"ఓలమ్మా! నానెక్కడికెల్నాను బాబూ? మీటింగు మా ఇంటికాడే గదా!"

"మిషను అబద్ధం సెప్పదు గదమ్మా," అన్నాడు నాయుడు, ఆమె ఇచ్చిన గ్లాసు చేతిలో పట్టుకునే. నేనూ ఔననే అనుకున్నాను. సింహాలమ్మ మొహం చిన్నబోయింది. గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. ఆవేళ నాయుడు రెండో గ్లాసు అడగలేదు.

బ్రాంచిలో మేనేజరు కుసుమకుమారి నన్ను ముందు పెట్టుకుని చాలాసేపు చూసింది. సమావేశ స్థలం: సింహాలమ్మ ఇల్లు. సింహాలమ్మ: రాలేదు.

"నాయుడూ, నువ్వు వేలిముద్రలు తీసుకునేటప్పుడు ఈవిడ ఎక్కడుంటుంది?"

"లోపల మేడమ్. టీ పెడతాది."

"మరి వచ్చిన ఆ నాలుగు వారాలో?"

నాయుడు బుర్ర గోక్కున్నాడు. "ఆ నాలుగు వారాలూ పాలు విరిగిపోనాయి మేడమ్. టీ లేదు."

కుసుమకుమారి పకపకా నవ్వింది. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ హాజరు!" అంది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. "ఆ టీ తాగింది నువ్వే కదయ్యా!"

బుధవారం గుంపులోని మిగతా తొమ్మిదిమందీ సాక్ష్యంగా సంతకాలు పెట్టారు. గురువారం సాయంత్రం హెడ్డాఫీసు నుంచి సవరణ వచ్చింది, నేను పచ్చగా వెలిగాను. శుక్రవారం గ్రైండరు ఆటోలో ఊళ్లోకి దిగింది. నాకు సిగ్గేసింది, కానీ అంతకు పదింతలు సంతోషమేసింది.

ఆ తరవాతి మంగళవారం నుంచి సింహాలమ్మ వచ్చి కూర్చున్నాకే వేళ్లు పెట్టించుకోవడం. ప్రతివారం ముందు ఆమెదే.

"ఈపాలి నానున్నానా బాబూ?"

"ఉన్నావమ్మా, ఉన్నావు!"

ఇప్పుడు నా అద్దం పగిలింది. కొత్త ట్యాబ్ వచ్చింది, నన్ను బీరువాలో పెట్టారు. పక్కనే ఆ లావుపాటి రిజిస్టర్లు. బాధేమీ లేదు, చల్లగా, హాయిగా ఉంది. నేను రాకముందు ఆ గుంపు మొదటి రెండు వారాల హాజరూ వాటిలోనే రాశారు. మొన్న కుసుమకుమారి ఏదో వెతుకుతూ ఆ పేజీ తెరిచి నా పక్కనే పెట్టింది. అంతకుముందున్న ఆఫీసరు చేతిరాత, నీలం సిరా:

'సింహాలమ్మ: లోపల టీ పెడుతోంది. హాజరు.'