బాపు పెట్టిన స్టేటస్

పొద్దున్నే తీసేయాల్సి ఉండె, బాపు తానం చేసేటప్పుడు ఫోను నా చేతిల్నే ఉంటది, రోజు గట్లనే ఒక్కొక్కటి తీసేస్తున్న, ఇయ్యాల ఎయిర్‌పోర్టుకు సవారీ ఉందని తానం గూడ చెయ్యకుండ కారు తీసుకోని పోయిండు, ఫోను పోయింది, ఫోన్ల మా క్లాసు గ్రూపు పోయింది, గ్రూపుల నేను పోయిన, పసుపు మొకంతోని, ఊడిపోయిన జడతోని, వీడియో మీదనే ఇంగ్లీషుల రాసిన్రు, మంజుల దయ్యం, ఎవ్వలు పక్కన కూసోకుండ్రి అని, వీడియో తీసింది అనుపమనే, నా బెంచిల కూసునేదే, బోనాలకు మా ఊరికి రావే అని పిలిచింది గూడ నేనే, నాయినమ్మకు మోకాళ్ల నొప్పులని తొలిసారి బోనం నేనెత్తుకున్న, డప్పు దగ్గరికి రాంగనే ఒళ్లు ఊగింది, నేను ఊపలే, అదే ఊగింది, శిగమొచ్చింది, అమ్మోరు పూనిందని అందరు నా కాళ్లకు నీళ్లు పోసి మొక్కిన్రు, గది అనుపమకు నవ్వులాట అయింది, దాని నోట్ల మన్నువడ, ఇగ బడిల నేను పోతుంటే డెస్కుల మీద డప్పు కొడుతరు, ఇంటికొచ్చి తలుపు పెట్టుకున్నా ఇడువరు, ఫోన్లకెళ్లి వస్తరు.

బాపు చూస్తే ఏమంటడు, మహేశ్వరంల మా మేనత్త బిడ్డ కళ్యాణి ఫోటో గిట్లనే తిరిగితే బడి బంద్ వెట్టిచ్చిన్రు, దానిదేం తప్పుండె, ఏం లేదు, అయినా బంద్ వెట్టిచ్చిన్రు, నన్ను గూడ రేపటికెళ్లి పోవద్దంటడు, నెత్తి మీదికెళ్లి విమానం పోతుంటే కారే వచ్చిందనుకోని లేచి నిలవడ్డ, కారు కాదు, పక్కింటి సుమలతక్క గోడ అవుతలికెళ్లి పిలుస్తుంది, మీ బాపు యాదన్న ఎంత మురుస్తుండో జర చూడు అని ఫోను చూపిస్తుంది, బాపు స్టేటస్, గా వీడియోనే, గా రాతతోనే.

బాపుకు తెలుగే కూడబలుక్కోని చదువుడు, ఇంగ్లీషుల ఏది వచ్చినా గిదేందో చూడు బిడ్డా అని నాకే ఇస్తడు, ఇయ్యాల పక్కన నేను లేను, ఆయనకు రాత కనవడలే, బిడ్డ తొలి బోనం కనవడ్డది, పెట్టేసిండు, ఇప్పుడు పార్కింగుల డ్రైవర్లందరికి చూపిస్తుండొచ్చు, చదువొచ్చినోళ్లు నవ్వుతుంటే నా బోనం చూసి సంబురవడుతున్నరనుకోని తాను గూడ నవ్వుతుండొచ్చు, అమ్మో, ఇన్ని రోజులు నన్ను చూసి నవ్విన్రు, ఇప్పుడు మా బాపును, భయం పోలే, నా మీదికెళ్లి ఆయన మీదికి పోయింది, ఇంకింత పెద్దగైంది.

కారు ఆగింది, నిజంగనే ఆగింది, బాపు చెప్పులు ఇడువకుండనే ఫోను పట్టుకోని ఇంట్లకొచ్చిండు, మొకం ఒకతీరుగ ఉంది, డ్రైవర్ చందు చదివిండట, ఏం రాసిన్రురా అంటే మీ బిడ్డనే అడుగన్నా అని తలకాయ దించుకోని పోయిండట, మంచిగనే రాసిన్రు కదా బిడ్డా, అంటుండు, మంచిగనే అని నేనంటే అయిపోతది, ఆయన అన్నం తిని పంటడు, రేపు బడికి పోతా, మళ్లీ డప్పు కొడుతరు, మళ్లీ పొద్దున్నే తీసేస్త, ఎన్ని తియ్యాలె, ఫోను నా చేతికిచ్చి నా మొకమే చూస్తుండు, కోపం లేదు ఆ కండ్లల్ల, భయముంది, అచ్చం నా భయమే, ఇంతకాలం నేను దాచింది బడి బంద్ వెట్టిచ్చే బాపు నుంచి కాదు, నా కోసం భయపడే మనిషి నుంచి, బయటోళ్లు చెప్పే ముందు నేనే చెప్పాలె, మంచిగ రాయలే బాపూ, కూసో, మొత్తం చదివి చెప్త.