ముప్పై మూడున్నర అంగుళాలు

కటింగ్ మాస్టారి చూపు తగ్గిందన్న సంగతి అందరికంటే ముందు ఆయన కుట్టిన ప్యాంట్లకు తెలిసింది. అంచులు వంకర తిరగడం మొదలుపెట్టాయి. మాస్టారు మాత్రం దారం నాణ్యత పడిపోయిందనీ, సూదుల బెజ్జాలు కూడా ఈ మధ్య చిన్నవి చేస్తున్నారనీ తేల్చేశారు. యాభై మూడేళ్ల మనిషి అంత గట్టిగా తేల్చేశాక కాదనడానికి ఎవరికి గుండెలున్నాయి?

కుట్టు వంకరైతే దారాన్ని తిట్టొచ్చు. షూటింగ్ క్లబ్బులో ఎవరిని తిడతారు? రోజూ సాయంత్రం దుకాణం కట్టేసి అక్కడికి వెళ్లడం ఆయనకు ఇరవై ఏళ్ల అలవాటు. పది మీటర్ల అవతల అట్ట, దాని మీద నల్లటి గుండ్రం, చేతిలో ఎయిర్ పిస్టల్. పిస్టల్ కొసన గోరంత ఇనుప పలక ఉంటుంది. దాన్ని ముందు సైటు అంటారు, గురంతా దాని మీదే ఉండాలి. అట్ట ఆయనకు ఇప్పటికీ భేషుగ్గా కనిపిస్తోంది. చేతిలో ఉన్న పలకే ఒకటికి రెండుగా, అంచులు లేకుండా కనిపిస్తోంది.

ఆదివారం ఎంపిక పోటీ. క్లబ్బు జట్టులో ముగ్గురికే చోటు. మొదటి ఇద్దరి జోలికి పోవడం దండగ, వాళ్లు వేరే రకం మనుషులు. మూడో చోటు తొమ్మిదేళ్లుగా మాస్టారిది. నాలుగోవాడు ఎప్పుడూ ఆయన బావమరిది. రెండేళ్లుగా అతను ఒక్కో పాయింటూ ఎగబాకుతూ వచ్చి మాస్టారి మెడ మీద ఊపిరి వదులుతున్నాడు. చిక్కేమిటంటే, ఆ బావమరిదికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. షూటింగు తెలిసి, అద్దాలు కూడా తెలిసినవాడు ఊరు మొత్తానికి అతనొక్కడే. వెళ్లి అడగడమంటే, "నాకు కనిపించడం లేదు, నా చోటు నువ్వు తీసుకో" అని పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే.

అందుకని మాస్టారు సొంత వైద్యం చేసుకున్నారు. భార్య పుస్తకం చదివే కళ్లజోడు జేబులో వేసుకుని క్లబ్బుకి వెళ్లారు. దాంతో అట్ట మాయమైంది, సైటు ఎప్పటిలాగే మసక. ఆ రోజు రెండు షాట్లు అట్టకే తగల్లేదు. పక్కవాళ్లు మర్యాదస్తులు కాబట్టి పైకప్పు వంక చూశారు.

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"ఏమండీ, నా కళ్లజోడు షికారుకెళ్లిందా?"

"నాకేం తెలుసు?"

"మీ జేబులోంచి నన్నే చూస్తోంది."

ఆవిడ కళ్లజోడు తీసుకుని కొంగుతో తుడిచింది.

"మా తమ్ముడి దగ్గరికి వెళ్లండి. వాడేం కొరుక్కు తినడు."

"వాడి ముందు చెయ్యి చాపమంటావా?"

"పిస్టల్ పట్టుకుని ఎలాగూ చాపుతారుగా. దానికేం?"

మర్నాడు పొద్దున్నే, క్లబ్బుకి ఎవరూ రాకముందు, బావాబావమరుదులిద్దరూ నాలుగో నంబరు బల్ల దగ్గర నిలబడ్డారు. మాస్టారి ముఖం పరీక్ష తప్పిన పిల్లాడి ముఖంలా ఉంది.

"ఎన్నాళ్లయింది బావా?"

"మొన్నమొన్ననే. ఒక వారం."

"వారమా? పోయిన ఏడాది కుట్టిన నా ప్యాంటు చూడు." బావమరిది కాలెత్తి బల్ల మీద పెట్టాడు. అంచు కుట్టు కొండదారిలా మెలికలు తిరిగి ఉంది. "దీన్ని వేసుకుని నలుగురిలో తిరుగుతున్నానంటే, నీ మీద నాకెంత ప్రేమో ఆలోచించు."

మాస్టారికి నవ్వాగలేదు. సిగ్గూ ఆగలేదు.

"చెయ్యి చాపు. పుస్తకం చదివే దూరం వేరు, సైటు దూరం వేరు. అక్క కళ్లజోడు ఇక్కడేం చేస్తుంది?" అంటూ మాస్టారి మెడలోని టేపే లాగి, కంటి దగ్గర్నించి పిస్టల్ కొస దాకా పట్టాడు. "ఎంతుందో చదువు."

మాస్టారు టేపును దగ్గరికి లాక్కున్నారు, దూరంగా పెట్టారు, వెలుతురు వైపు తిప్పారు. "ముప్పై మూడు," అన్నారు ధీమాగా.

"ముప్పై మూడున్నర. ఆ అరంగుళమే నా ప్యాంటు అంచులో పోయింది."

అప్పుడు బావమరిది తన జేబులోంచి పసుపు రంగు కళ్లజోడు తీశాడు. రెండేళ్లుగా అతను సోకు కోసం పెట్టుకుంటున్నాడని క్లబ్బంతా ఆటపట్టించే కళ్లజోడు అది.

"ఇది సైటు దూరానికి చేసుకున్నదే. నా సైటు కూడా కనిపించేది కాదు. ఇది పెట్టుకున్నాకే నీ వెనక దాకా వచ్చాను." దాన్ని మళ్లీ జేబులో పెట్టుకుంటూ, "నీకు చేసిస్తే నేను మళ్లీ నాలుగోవాణ్ణే. తెలుసు," అన్నాడు.

"మరెందుకు చేసిస్తున్నావోయ్?"

"కళ్లు కనిపించనివాణ్ణి గెలిచి, అక్కకి ఏం చెప్పుకోను?"

తొమ్మిదేళ్లుగా ఆ కుర్రాడు తన చోటు మీద కన్నేశాడనే అనుకున్నారాయన. దాచుకోకుండా ఆ మాటే చెప్పేశారు. "కన్నేశాను బావా, నిజమే," అన్నాడు బావమరిది. "కన్ను సరిగ్గా ఉన్నవాడి చోటు మీద."

శనివారానికి కళ్లజోళ్లు రెండొచ్చాయి, ఒకటి పిస్టల్‌కి, ఒకటి సూదికి. మొదటిది పెట్టుకుని మాస్టారు గగ్గోలు పెట్టారు, సైటు కత్తిలా ఉంది గానీ అట్ట మీది గుండ్రం మసకబారిందని. "అలాగే ఉండాలి. నల్లగా ఏదో ఉందని తెలిస్తే చాలు. చేతిలో ఉన్నదాన్ని చూసుకో," అన్నాడు బావమరిది. అన్నీ తనకే స్పష్టంగా తెలియాలనే మనిషికి అదెంత కష్టమో చెప్పనక్కర్లేదు. అయినా నమ్మారు.

ఆదివారం నలభై షాట్లయ్యాక లెక్క తేలింది. మాస్టారికి మూడువందల యాభై రెండు, బావమరిదికి మూడువందల యాభై ఒకటి. బావమరిది చెయ్యి కలిపి, నవ్వి, పిస్టల్ పెట్టె సర్దుకోవడానికి మరీ ఎక్కువసేపు తీసుకున్నాడు.

సోమవారం అతని దుకాణానికి ఒక పొట్లం వచ్చింది. లోపల కొత్త ప్యాంటు. బావమరిది దాన్ని తిరగేసి, దీపం కింద పెట్టి, భూతద్దం తీసి అంచు మొత్తం వెతికాడు. ఒక్క కుట్టు కూడా పక్కకి పోలేదు. అతనికి ఓడిపోయినందుకు మొదటిసారి ఏడుపొచ్చింది, ఆ ప్యాంటు వేసుకునే ఏడ్చాడు.