లోకనాథం దాచిన ఎండ

తిరుత్తణిలో గోనెసంచుల వ్యాపారం చేసే గుర్నాథం లెక్కలో ప్రతి ఇబ్బందికీ ఒక సందు ఉంటుంది. తమ్ముడు లోకనాథం పోయి మూడు నెలలు కాలేదు, ఏడాది దాకా ఇంట్లో పండుగ లేదు. అయినా ఆయుధపూజనాడు గోడౌన్ తెరిపించాడు.

"సూతకం పెట్టుకొని పూజేంది మొదలాళీ? ఊరు నగుతాది," అన్నాడు కూలీ పచ్చయ్యప్ప.

"సూతకం మనకు. మా తమ్ముడు కాటాకేమన్నా చుట్టమా? బొట్టు పెట్టు."

పచ్చయ్యప్ప కాటాకు పెట్టాడు, కుట్టుమిషన్‌కు పెట్టాడు, మూలనున్న డ్రమ్ము దగ్గరికి పోయాడు.

ఆ డ్రమ్ము లోకనాథానిది. తిరువళ్లూరు కాలేజీలో పాఠాలు చెబుతూ, వేడిని నిల్వ చేసే ఉప్పుల మీద పరిశోధన చేసేవాడు. చిత్తిరై నెల మండుటెండలో ఒక ఉప్పును నీళ్లలా కరిగించి ఆ డ్రమ్ములో మూసిపెట్టాడు. చల్లారినా అది గడ్డకట్టదట, కరిగించిన వేడిని లోపలే పట్టుకుని ఉంటుందట. అదే ఉప్పు పలుకు ఒక్కటి పడితే మాత్రం మొత్తం గడ్డకట్టి, ఆ వేడినంతా వదిలేస్తుందట. ఆరు నెలలు నిలిస్తే, వానల్లో వడ్లు ఆరబెట్టడానికి పనికొస్తుందన్నాడు. "ఎండను మూటగట్టేవాణ్ణి నిన్నే చూసినా" అని గుర్నాథం నవ్వాడు. ఆడి నెలలో తమ్ముడి గుండె ఆగిపోయింది. ఆరు నెలల గడువునాడు డ్రమ్మును తన చేత్తో తెరవాలని, అదొక్కటే అడిగింది అతని భార్య కోకిల. గుర్నాథం మాట ఇచ్చాడు. గడువు ఇంకా మూడు వారాలుంది.

దుమ్ము మీద బొట్టు నిలవక పచ్చయ్యప్ప మూత తీసి తుడిచాడు. అంచున ఎండి అంటుకున్న ఉప్పు రాలి లోపల పడింది.

నీళ్లు తెల్లబడ్డాయి. డ్రమ్ము టిక్కుటిక్కుమంది. గుర్నాథం చెయ్యి వేశాడు. చల్లటి రేకు మనిషి ఒళ్లంత వెచ్చబడింది, ఆపైన జ్వరమొచ్చిన ఒళ్లంత.

"లోపల ఎవురో ఉండారు మొదలాళీ," అని పచ్చయ్యప్ప వెనక్కి జరిగాడు.

కోకిల పొన్నేరిలో పుట్టింట్లో ఉంది. చెప్పకుంటే? మూత బిగిస్తే చాలు. మూడు వారాలకు ఆమె తెరిచి, పని చెయ్యలేదనుకుంటుంది. తప్పు పోయినవాడి మీద పడుతుంది, వాడు ఎదురు చెప్పడు. గుర్నాథం ఆ బేరాన్ని రెండుసార్లు తూచాడు. అరచేతి కింద వేడి పెరుగుతూనే ఉంది. ఫోను తీశాడు.

తర్వాత కొత్త గోనెల కట్టలన్నీ విప్పించి డ్రమ్ముకు చుట్టించాడు.

రైళ్లు మారి ఆమె వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

"ఎవురు తెరిచినారు బావా?"

పచ్చయ్యప్ప తల వంచుకున్నాడు.

"నేనే తెరిపించినా," అన్నాడు గుర్నాథం. "పూజ వద్దని వీడు చెప్తానే ఉన్నాడు."

ఆమె గోనెల్లోకి చెయ్యి దూర్చింది. చాలాసేపు తియ్యలేదు.

"ఎంతసేపుంటాది?"

"తెల్లారేదాకా ఉంటాదని వాడే రాసిపెట్టినాడు."

"మీరు పోండి బావా."

షట్టరు సగం దించి ఇద్దరూ బయట నిలబడ్డారు. లోపల కోకిల మెల్లగా మాట్లాడుతోంది. ఒక మాట అని ఆగుతోంది, మళ్లీ ఒక మాట. ఆమె ఆగే సేపును గుర్నాథం మనసులోనే కొలిచాడు. ప్రతిసారీ సరిగ్గా ఒక జవాబు పట్టేంత.

ఆ తర్వాత ఆగినప్పుడు ఆమె నవ్వింది.